తెల్ల చుక్కల గేరు

పోయిన వారం మిమ్మల్ని రేవు బురదలో నిలబెట్టి వెళ్లిపోయాను, కోపం చేసుకోకండి. మేమూ ఆ బురదలోనే ఉన్నాం.

ఎక్కడ ఆగామో చెప్తాను. మా కొల్లాపూర్ దిక్కు కృష్ణలో నీళ్లు తగ్గినప్పుడు నది నడుమ ఒక గడ్డ తేలుతుంది. పచ్చిక బాగుంటుందని అంజన్న, బక్కమ్మ ప్రతి ఎండాకాలం గొర్ల మందను అక్కడికి తోలుకుపోతారు. వానలు ముదరకముందే మా లాంచీ మీద వాళ్లను వెనక్కి తెస్తాం. ఈసారి పైన గేట్లు ముందే ఎత్తారు. నీళ్లు గడ్డను అన్ని వైపుల నుంచీ కొరుక్కుంటూ వస్తున్నాయి. పొద్దున చేపలవాళ్లు పుట్టి వేసుకుని పోతే, అందులో మనుషులకే గాని గొర్లకు జాగా లేదని బక్కమ్మ ఎక్కనే లేదు. ఆమె ఎక్కకపోతే అంజన్న ఎక్కడు. మంద మొత్తాన్ని మోయగలిగింది ఈ రేవులో మా అత్త ఇక్బాల్ బీ లాంచీ ఒక్కటే. దాని ఇంజన్ సరిగ్గా నిన్ననే మొండికేసింది.

లాంచీ నడిపే రాజేశ్ ఆ ముసలి జంట కొడుకే. నేను మెహ్రీన్ ను, ఇక్బాల్ బీ కోడలిని. రేవులో టికెట్లు కోసేది నేను, నోరు ఊరుకోనిదీ నేనే. అందుకే అత్తకు చెప్పకుండా ఆమె తమ్ముడు అబ్దుల్ ఖాదర్ కు ఫోన్ చేశాను. జడ్చర్లలో డీజిల్ పంపులు బాగుచేసే పని ఆయనది. అక్కాతమ్ముళ్లకు ఏండ్లుగా మాటల్లేవు. మా మామ పోయి నలభై దినాలు గడిచాయో లేదో, "ఆడమనిషికి లాంచీ ఎందుకు, ఆపా? అమ్మేసి నా దగ్గరికొచ్చి ఉండు" అన్నాడట ఆయన. ప్రేమతోనే అన్నాడు. కానీ ఆ మాట అత్తకు మొగుడు రెండోసారి పోయినట్టు తగిలింది.

సరే, పోయిన వారం చివర్లో రేవులోకి ఒక ఆటో వచ్చి ఆగింది కదా. దిగింది ఆయనే.

భుజం మీద గోనెసంచిలో పంపు, చేతిలో పనిముట్ల పెట్టె. గడ్డం నెరిసింది, పొట్ట పెరిగింది. లాంచీ పలక మీద కూర్చున్న అత్త ఆయన్ను చూసింది, తర్వాత నన్ను చూసింది. ఆ రెండో చూపు మీద ఎసరు పెడితే అన్నం ఉడికేది.

"ఎవరు పిలిచిండ్రు నిన్ను?"

రాజేశ్ అక్కడే ఉన్నాడు కనుక తెలుగులోనే అడిగింది. ఇంట్లో మేం మాట్లాడుకునేది ఉర్దూ. పక్కవాళ్లకు అర్థం కాని భాషలో పోట్లాడటం మర్యాద కాదని అత్త పట్టింపు. పోట్లాటకైనా ఒక పద్ధతి ఉండాలంటుంది.

"ఎవరు పిలిస్తేంది ఆపా. గడ్డ మీద బక్కక్క ఉన్నదట గద."

"ఉంటే?"

"పిల్లగాన్నప్పుడు నీ ఎంబడి ఈ రేవుకొస్తే పాలు కాచి పోసింది ఆమెనే. నీ కోసం రాలె నేను, ఆమె కోసమొచ్చిన. జర జరుగు, ఇంజన్ చూస్త."

ఆ మాటకు అత్త లేచి ఆయన పెట్టెను నీళ్లలోకి విసిరేస్తుందని నేను భయపడ్డాను. విసరలేదు. కొంగు సర్దుకుని జరిగింది.

ఎందుకు జరిగిందో నాకు తెలుసు. మామ పోయిన ఏడాదే గాలివానకు ఈ లాంచీ తాడు తెంచుకుని నది నడిమిట్లోకి కొట్టుకుపోయింది. ఒడ్డున మంద కాస్తున్న అంజన్న ఆ మందను అట్లాగే వదిలి నీళ్లలో దూకాడు. లాంచీకి తాడు కట్టి ఈదుకుంటూ ఒడ్డుకు లాక్కొచ్చాడు. ఆయన తిరిగిపోయేసరికి మందలో తోడేళ్లు పడి గొర్రెపిల్లలను ఎత్తుకుపోయాయి. ఆ సంగతి ఆయన మాకు ఈనాటికీ చెప్పలేదు, ఒకసారి బక్కమ్మ నోరు జారితే తెలిసింది. ఈ లాంచీ మా ఇంట్లో ఇప్పటికీ పొయ్యి వెలిగిస్తోందంటే అది అంజన్న పుణ్యమే. ముద్ద నోట్లో పెట్టుకునేటప్పుడు నేను ఆ మనిషిని తలుచుకోని రోజు లేదు.

మా ఆయనకు మేనమామ కనుక ఖాదర్ ను నేనూ మామూ అనే పిలుస్తాను. మామూ ఇంజన్ పైపు ఒకటి విప్పి రాజేశ్ ను ఇంజన్ తిప్పమన్నాడు. డీజిల్ చుక్క పడలేదు.

"పంపు లోపల అరిగి కూసున్నది. ఫికర్ లేదు, బాగుచేసిన పంపు తెచ్చిన. పాతది ఊడదీసి ఇది పెడ్తే అయిపాయె."

అయిపాయె అన్నంత తేలిక కాదని ముందు మూత విప్పాక తెలిసింది. నాకు అర్థమైనంత చెప్తాను, ఇంజన్లు తెలిసినవాళ్లు నవ్వుకోండి. పంపు షాఫ్టు కొసకు ఒక గేరు ఉంటుంది. దాని పళ్లు పక్క గేరు పళ్లలో కూర్చుని తిరుగుతాయి. ఏ పన్ను ఏ సందులో ఉండాలో అదే సందులో ఉంటేనే డీజిల్ సరైన వేళకు పడుతుంది. ఒక్క పన్ను అటో ఇటో తప్పిందా, ఇంజన్ తన్నుతుంది, పొగ కక్కుతుంది, లేదా అసలు లేవదు. చిక్కంతా ఏమిటంటే, ఆ గేరును మోస్తున్నది పంపు షాఫ్టే. పంపును వెనక్కి లాగగానే మోసే దిక్కు లేక గేరు కిందికి జారుతుంది.

జారినా ఆటోలో, ట్రాక్టర్లో అయితే పళ్ల మీద ఉన్న గుర్తులు చూసి మళ్లీ కూర్చోబెట్టుకోవచ్చట. ఈ పాత ఇంజన్ కు కంపెనీ కొట్టిన గుర్తులు ఎప్పుడో అరిగిపోతే, మా మామ ఉన్న రోజుల్లో ఖాదర్ మామూనే తన చేత్తో తెల్ల పెయింట్ చుక్కలు పెట్టాడు.

ఇప్పుడు టార్చి వేసి లోపలికి చూశాడు. కండ్లు నులుముకుని మళ్లీ చూశాడు.

"తమ్మీ, ఇటు రా. ఇదేంది?"

రాజేశ్ తొంగి చూశాడు. "బొట్లు చిచ్చా. దసరాకు పెట్టిన."

"లోపటా?"

"అందరు ఇంజన్ కు పైన పెడ్తరు. కష్టమంత లోపటి గేర్లదే గద అని మూత తీసి వాటికి గూడ పెట్టిన. కుంకుమైతే నూనెల కరిగిపోతదని, ఇంట్ల మిగిలిన తెల్ల ఆయిల్ పెయింట్ తోని పెట్టిన."

"పన్ను పన్నుకా?"

"ఒకదానికి పెట్టి ఒకదానికి పెట్టకుంటే మంచిగుండదు గద."

నేను కూడా చూశాను. గేరు చుట్టూ తెల్లటి చుక్కలు, శ్రద్ధగా, ఒకే సైజులో. అందులో మామూ పెట్టిన అసలు చుక్క ఏదో దేవుడికే తెలియాలి. ఆ పరిస్థితిలో నవ్వకూడదని తెలిసీ నాకు నవ్వొచ్చింది. మామూ కూడా నవ్వాడు, పొట్ట కదిలేలా.

"గేరును పెండ్లిపిల్లను చేసినవ్ గదరా."

రాజేశ్ నవ్వలేదు. సంగతి అప్పటికి బుర్రకెక్కింది వాడికి. "ఇప్పుడు జారితే ఎట్ల చిచ్చా?"

"ఇంజన్ ముందర పెట్టె మొత్తం ఇప్పి మొదటి నుంచి లెక్క కట్టుకోవాలె. రేపు పొద్దూకుతది."

రేపు పొద్దూకేదాకా గడ్డ ఉండదు. రాజేశ్ ఇంజన్ గట్టు పట్టుకుని కూలబడ్డాడు. "మా అమ్మకు, నాయినకు నేనే తెచ్చిన గదా ఈ గతి" అన్నాడు.

మామూ వాడి వీపు మీద అరచెయ్యి వేశాడు. "బొట్టు పెట్టినోని తప్పేమున్నది బిడ్డ. మొక్కినవ్, మంచిదే. ఇన్ని దినాలు నీ మాట ఇన్నది, ఇంకొంచెం సేపు గూడ ఇంటది. జారనియ్యొద్దు, అంతే. లే, ఎనక ఫ్యానుకు తాడు కట్టు. నీళ్లకు అది తిరిగిందంటే ఇంజన్ గూడ తిరుగుతది."

అట్లా చులకన చేయకుండా, అరవకుండా చెప్పినందుకు ఆయన మీద నాకు అప్పటికప్పుడే గౌరవం పుట్టింది. మా ఊరి మెకానిక్కులైతే ముందు తిట్టి తర్వాత పానా పట్టుకుంటారు.

గేరును పట్టి ఉంచడానికి ఆయన దగ్గర ఒక ఇనుప పట్టీ ఉంది, సొంతంగా చేయించుకున్నది. మూత ఉండే చోట దాన్ని బిగిస్తే గేరు కదలదట. తీసి పెట్టి చూశాడు. ఈ పాత ఇంజన్ బోల్టుల వరసే వేరు, పట్టీ కూర్చోలేదు. నైలాన్ తాడు చూశాడు, నూనెకు జారుతుందని పక్కన పెట్టాడు. ఇనుప తీగ పళ్లను గీరుతుందన్నాడు. సుతిలి నేనే అందించాను. నార రాలి నూనె దారిలో పడితే ఇంకో తంటా అని తల అడ్డంగా ఊపాడు. ఆలోచిస్తూ నది దిక్కు చూశాడు. దూరాన గడ్డ మీద గొర్లు తెల్లగా, నల్లగా ముద్దయి కనబడుతున్నాయి. పొద్దున చూసినప్పటికంటే ఆ ముద్ద చిన్న జాగాలోకి వచ్చింది.

అప్పుడాయన పెట్టె అడుగున చెయ్యి పెట్టి ఒక పచ్చ గుడ్డ పట్టీ తీశాడు. ఒకప్పుడు పచ్చన, ఇప్పుడు వెలిసిపోయింది. నడుమ చిన్న బుడిపెలా ఏదో కుట్టి ఉంది. బ్లేడుతో ఆ కుట్టు ఒక్కటి తెంపి, లోపలున్న రూపాయి బిళ్లను తీసి చొక్కా జేబులో వేసుకున్నాడు. మూత సందులోంచి పట్టీని గేరు రంధ్రంలోకి పంపబోయాడు. వేళ్లు పట్టలేదు. ఇంకోసారి ప్రయత్నించాడు. లావు వేళ్లు, ఇరుకు సందు.

ఇంజన్ మీదికే చూస్తూ అడిగాడు. "ఆపా, నీ చెయ్యి పడతది."

అత్త వచ్చింది. కొంగుతో చేతులు తుడుచుకుని ఇంజన్ ముందు గొంతుక్కూర్చుంది. "ఏం చెయ్యాలె?"

"గేరుల రంధ్రాలుంటయ్. ఒకదాంట్ల నుంచి ఈ గుడ్డ పంపి, ఇంకోదాంట్ల నుంచి బయటికి తియ్యి. ఈ బోల్టులకు గట్టిగ కట్టు, గేరు నీ దిక్కు గుంజుకొని ఉండాలె. ముడి ఊడొద్దు."

పట్టీ చేతిలోకి తీసుకున్న అత్త అట్లాగే ఆగిపోయింది. బొటనవేలితో దాని అంచు తడిమింది. అంచు వెంట కుట్టు వంకరగా పోయింది. అత్త కుట్టు ఎప్పుడూ ఎడమ వైపుకు వంగుతుంది, మా ఇంట్లో దిండుగలీబులన్నీ అట్లాగే ఉంటాయి.

"ఇది నేను కట్టింది గద" అంది.

మా వాళ్లలో దూరం పోయేవాళ్ల దండచేతికి ఇమాం జామిన్ కడతారు. గుడ్డలో ఒక బిళ్ల కుట్టి, క్షేమంగా పోయి చేరమని. చేరాక దాన్ని విప్పి, ఆ బిళ్లను లేనివాళ్లకు ఇవ్వాలి. ఆ పోట్లాట నాడు కూడా, తమ్ముడు విసురుగా గడప దాటుతుంటే, నోటితో ఒక్క మాట మాట్లాడకుండా ఆయన చెయ్యి పట్టుకుని ఇది కట్టి పంపిందట అత్త. ఎంత కోపమున్నా మనిషిని బోసి చేత్తో ఎట్లా పంపుతాం.

"ఇన్నేండ్లు ఎందుకు దాచినవ్? ఇల్లు చేరినాక ఇప్పి బిళ్ల దానమియ్యాలె గదరా. నీకు చెప్పలేదా అమ్మ?"

"చెప్పింది." మామూ పానా అటూ ఇటూ తిప్పాడు. "చేరినాక గదా ఇచ్చేది. నేను చేరలె ఆపా. జడ్చర్లల కిరాయింట్ల ఉన్న, అంతే. నీ ఇంటి గడప దాటి పోయిన, మల్ల ఆ గడపకు రాలె. ఇంక చేరినట్టెట్లయితది?"

అత్త ముక్కు గట్టిగా ఎగబీల్చి, చెయ్యి ఇంజన్ లోపలికి పెట్టింది. నేను మొహం పక్కకు తిప్పుకున్నాను. ఏడుపొస్తోందని ఒప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు.

ఆమె వేళ్లు లోపల తడుముకుంటూ పోయాయి. పట్టీ ఒక రంధ్రంలోంచి పోయి ఇంకోదాంట్లోంచి బయటికొచ్చింది. రెండు బోల్టులకు చుట్టి, పండ్లు కరుచుకుని ముడేసింది. ముడి మీద ఇంకో ముడి. మామూ వేలితో మీటి చూశాడు. "అప్పటి లెక్కనే కట్టినవ్. రక్తం ఆగేటట్టు" అన్నాడు. అత్త మొహంలో నవ్వు వచ్చి పోయింది.

"ఇప్పుడు గుంజుతున్న. చెయ్యి తియ్యకు ఆపా, గేరును మోస్త ఉండు."

పంపు వెనక్కి కదిలింది. సరిగ్గా అప్పుడే పైనుంచి కొట్టుకొచ్చిన చెట్టు మొద్దు ఒకటి లాంచీ పక్కకు తగిలింది. లాంచీ ఊగింది. నేను పలక పట్టుకున్నాను, పనిముట్లు దొర్లాయి. షాఫ్టు బయటికి వచ్చేసింది, గేరు బరువంతా పట్టీ మీద పడింది. గుడ్డ సాగిన చప్పుడు నాకు వినబడింది.

"ఆపా?"

"ఉన్నది. నా చేతులనే ఉన్నది. ఎక్కడికి పోలె."

కొత్త పంపు లోపలికి పోవాలంటే దాని షాఫ్టు మీది చీల, గేరులోని గాడి ఎదురెదురుగా రావాలి. మామూ షాఫ్టును వెంట్రుకవాసి తిప్పుతూ తోశాడు. పట్టలేదు. లాగి మళ్లీ తోశాడు. రాజేశ్ కండ్లు మూసుకున్నాడు. టక్కుమంది. మామూ నట్టు వేసి నాలుగు చుట్లు తిప్పాకే ఊపిరి వదిలాడు.

అప్పుడు ముడి దగ్గర బ్లేడుతో కోసి పట్టీని బయటికి తీశాడు. పలక మీద పరిచి రెండు ముక్కల కొసలు ఒకదానికొకటి ఆనించి చూశాడు, లోపల పోగైనా మిగల్లేదు కదా అని. తర్వాత నట్టు బిగించి, మూత పెట్టి, పైపుల్లో గాలి తీసి, ఫ్యాను తాడు విప్పమన్నాడు.

ఇంజన్ మొదటిసారి దగ్గింది. రెండోసారి తెల్ల పొగ ఊదింది. మూడోసారి అందుకుంది, అందుకుని నిలబడింది. మామూ తల ఒక పక్కకు వంచి కొంచెంసేపు విన్నాడు. "పన్ను తప్పలె" అన్నాడు.

రాజేశ్ ఆయన కాళ్ల మీద పడబోతే ఆయనే వాడి భుజాలు పట్టి లేపాడు. నేను మాత్రం అడ్డూ ఆపూ లేకుండా షుక్రియా చెప్పాను. జడ్చర్ల నుంచి వచ్చినందుకు, వాణ్ని తిట్టనందుకు, ఆ గుడ్డను పారేయనందుకు. "చాలమ్మా, నీ ఫోనుకే నేను షుక్రియా చెప్పాలె" అన్నాడు. నా గుట్టు అట్లా బయటపడింది. అత్త నా దిక్కు చూసింది. ఈసారి ఆ చూపులో మంట లేదు. నా తల మీద నూనె చెయ్యి పెట్టి, "మంచి పని చేసినవ్ బిడ్డా" అంది. పెండ్లయినప్పటి నుంచి ఆమె నోట విన్న మొదటి మెప్పు అది, తలంతా ఇంజనాయిల్ అయినా నాకు ఫికర్ లేదు.

మామూ జేబులోంచి బిళ్ల తీశాడు. "ఇగ చేరిన ఆపా. ఇది ఎవరికియ్యమంటవ్?"

"ఇప్పుడే కాదు." అత్త పట్టీ ముక్కల్లో పొడుగుది తీసుకుని, బిళ్లను అందులో మడిచి, చుక్కాని దగ్గర నిలబడ్డ రాజేశ్ దండకు కట్టింది. "ఇయ్యాల పయనం వీనిది. వాళ్లమ్మ, నాయిన, ఆ నోరులేని జీవాలు ఒడ్డెక్కినాక ఇస్తం."

లాంచీ కదిలింది. నేనూ ఎక్కాను, రావద్దని ఎవరూ అనలేదు. మధ్యాహ్నపు ఎండ మబ్బుల్లోంచి పడుతోంది, నీళ్లు ఎర్రగా సుడులు తిరుగుతున్నాయి. ఇంజన్ ఒకే తీరుగా కొట్టుకుంటోంది. మామూ దాని పక్కనే కూర్చుని మూత మీద చెయ్యి పెట్టుకున్నాడు. అత్త ఆయనకు తన డబ్బాలోంచి రొట్టె తీసిచ్చింది. ఆయన అడగలేదు, ఆమె పిలవలేదు, తిన్నాడు. అల్లాకు, అంజన్న నమ్మే మల్లన్నకు, అందరికీ కలిపి మనసులో దండం పెట్టుకున్నాను.

మలుపు తిరిగాం. గడ్డ దగ్గరగా కనబడింది. రాజేశ్ ఇంజన్ వేగం తగ్గించాడు.

గడ్డ ఒకటిగా లేదు. నడుమ నీళ్లు కోసేసి రెండయింది. కుడి దిక్కు మిట్ట మీద సగం మందతో బక్కమ్మ, ఎడమ దిక్కు మిట్ట మీద మిగతా సగంతో అంజన్న. ఇద్దరి నడుమ నీళ్లు ఉరుకుతున్నాయి. ఆ ఉరుకులో ఒక దిక్కుకు పోయిన లాంచీ రెండో దిక్కుకు రావాలంటే కింది దాకా పోయి చుట్టు తిరిగి రావాల్సిందే.

రాజేశ్ ఫోన్ మోగింది. స్పీకర్ లో బక్కమ్మ గొంతు గాలిలో తెగుతూ వచ్చింది.

"బిడ్డా, వచ్చినవా. సల్లగుండు. ముందుగాల మీ నాయిన దిక్కు పో. ఆయన నిలవడ్డ జాగ కుంగుతాంది. నేను మంచిగనే ఉన్న."

ఆమె మంచిగా లేదు. మోకాళ్ల దాకా నీళ్లున్నాయి, చంకలో ఒక గొర్రెపిల్ల ఉంది. అటు అంజన్నకు ఫోన్ లేదు. తలగుడ్డ విప్పి చేత్తో పట్టుకుని ఊపుతున్నాడు, మమ్మల్ని రమ్మని కాదు. ఆమె దిక్కు చూపిస్తూ, అటు పొండి, అటు పొండి అని.

రాజేశ్ రెండు చేతులూ చుక్కాని మీద బిగుసుకున్నాయి. దండకు కట్టిన పచ్చ పట్టీ గాలికి కొట్టుకుంటోంది. వాడు తల్లి వైపు చూశాడు, తండ్రి వైపు చూశాడు, చివరికి మా అత్త వైపు తిరిగాడు.

"బీబమ్మా, ఎటు తిప్పాలె?"